ధనాపేక్ష పట్టు సడలాలంటే: తృప్తిగా బతకడానికి, చేతులారా ఇవ్వడానికి ఒక సమగ్ర మార్గదర్శి

ఒక మాట ముందే చెప్పేస్తాను. తృప్తి వచ్చాక ఇద్దాంలే అని కూర్చుంటే ఆ తృప్తీ రాదు, ఆ ఇవ్వడమూ జరగదు. నేను చాలా ఏళ్లు అలాగే కూర్చున్నాను. జీతం పెరిగితే కానుక పెంచుతాను ప్రభువా అని ప్రార్థనలో చెప్పుకున్నవాణ్ణే, తీరా జీతం పెరిగిన రెండేళ్లకి లెక్క తీసి చూస్తే ఇచ్చే మొత్తం పాతదే, అంటే వంతు లెక్కన చూస్తే తగ్గింది, ఖర్చు మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది. ఆ రోజు మత్తయి 6:21 మళ్లీ చదివాను. "నీ ధనమెక్కడ నుండునో అక్కడనే నీ హృదయము ఉండును." దీన్ని మనం తిరగేసి చదువుకుంటాం, మనసు ఎక్కడుంటే డబ్బు అక్కడికి పోతుందని. యేసు చెప్పిన వరస అది కాదు. డబ్బు ముందు నడుస్తుంది, మనసు దాని వెనకాల వస్తుంది. కింద రాసిందంతా ఆ వరసని పట్టుకుని రాసిందే.

ఇది ఎవరి కోసం? నెలకో వారానికో ఎంతో కొంత చేతికి వచ్చి, అందులో కాస్త అటూ ఇటూ సర్దుకునే వీలున్నవాళ్ల కోసం. తిండికే కటకటగా ఉన్నవాళ్లు ప్రస్తుతానికి తీసుకునే వైపు ఉన్నారు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 2 కొరింథీ 8:14లో పౌలు రాసింది కూడా అదే కదా, ఇప్పుడు మీకున్నది వాళ్ల అక్కరకి, రేపు వాళ్లకున్నది మీ అక్కరకి.

మొదటి అడుగు: జబ్బుకి సరైన పేరు పెట్టండి

"డబ్బే అన్ని పాపాలకీ మూలం" అని బైబిల్లో ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. 1 తిమోతి 6:10లో ఉన్నది "ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము" అని. గ్రీకులో ఆ మాట ఫిలార్గురియా, విడదీస్తే వెండి మీద ప్రేమ. కాబట్టి ఇది డబ్బున్నవాళ్ల జబ్బు మాత్రమే కాదు, జేబులో ఏమీ లేనివాడికి కూడా నిండా ఉండొచ్చు. అబ్రాహాము ధనవంతుడు, అరిమతయియ యోసేపు ధనవంతుడు, ఊదారంగు పొడి అమ్మిన లూదియ తన ఇంట్లో పౌలు బృందానికి బస ఇవ్వగలిగిన స్థితిపరురాలు. డబ్బున్నందుకు వాళ్లని వాక్యం ఎక్కడా తప్పుపట్టలేదు. అదే కొలొస్సయి 3:5కి వస్తే ధనాపేక్షని ఏకంగా విగ్రహారాధన అంటుంది. అంత పెద్ద మాట పౌలు ఎందుకు వాడాడో కాసేపు ఆలోచించండి. ఆపద వస్తే ముందు ఎటు చూస్తామో, దేన్ని తలుచుకుంటే గుండె కుదుటపడుతుందో, అదే మన దేవుడు.

లూకా 12లో ఒకాయన వచ్చి "ఆస్తిలో నా వాటా పంచిపెట్టమని మా సహోదరుడితో చెప్పు" అని యేసుని అడుగుతాడు. ఆయన అడిగిన వాటా న్యాయమైనదే అయ్యుండొచ్చు, నీకు హక్కు లేదని యేసు అనలేదు కూడా. అయినా లోభం గురించి జాగ్రత్త అన్నాడు. న్యాయంగా రావాల్సిన డబ్బు మీద కూడా ఆశ ముదరొచ్చన్నమాట. ఆ వెంటనే కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకోవాలనుకున్న ధనవంతుడి ఉపమానం చెప్తాడు. ఆ ధనవంతుడి మాటలు ఒకసారి పెన్సిల్ పట్టుకుని చదవండి: నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, నా ప్రాణం. ఎవరితోనూ మాట్లాడడు, అన్నీ తనతో తనే. పండించిన పొలమే తప్ప పనిచేసిన మనుషులు ఆ ఆలోచనలో ఒక్కరూ లేరు.

ఇక చేయాల్సిన పని. ఒక వారం పాటు చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. డబ్బు గురించి మనసు కదిలిన ప్రతిసారీ ఒక్క లైన్ రాయండి: ఎవరిదో కొత్త ఇల్లు చూసి చివుక్కుమంది, బ్యాలెన్స్ చూసుకుని ధీమా వచ్చింది, అప్పు అడుగుతాడేమోనని ఫోన్ ఎత్తలేదు. వారం తర్వాత చూస్తే మీ ఆపేక్ష ఏ రకమో తెలిసిపోతుంది. కొందరిది భయం, రేపు ఏమవుతుందో అని. కొందరిది పోలిక. ఇంకొందరికి డబ్బంటే పదిమందిలో మర్యాద. నాది మొదటి రకం, అందుకే చాలాకాలం అది ఆపేక్ష అని గుర్తుపట్టనే లేదు, జాగ్రత్త అనుకున్నాను.

రెండో అడుగు: "చాలు" అనే గీత గీయండి

ఇది అన్నిటికన్నా కష్టమైనది, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉందాం.

సామెతలు 30లో ఆగూరు చేసిన ప్రార్థన చాలామంది చదివి ఉంటారు కానీ మనస్ఫూర్తిగా చేసినవాళ్లు తక్కువ: "పేదరికమునైనను ఐశ్వర్యమునైనను నాకు దయచేయకుము, తగినంత ఆహారము నాకు అనుగ్రహింపుము." ఐశ్వర్యం వద్దని దేవుణ్ణి అడగడం! కారణం కూడా చెప్తాడు, ఎక్కువైతే యెహోవా ఎవరు అంటానేమో, తక్కువైతే దొంగిలిస్తానేమో. తనెంత బలహీనుడో తెలిసిన మనిషి ప్రార్థన అది.

నిర్గమకాండము 16లో, ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడిచ్చిన ఆహారం మన్నా సంగతీ ఇదే. తలకొక ఓమెరు, అది ఆనాటి కొలత. ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తగ్గలేదు. మాట వినకుండా మర్నాటికి దాచిపెడితే పురుగు పట్టి కంపుకొట్టింది. అయితే విశ్రాంతి దినం కోసం ముందురోజు రెండింతలు దాచుకుంటే మాత్రం చెడిపోలేదు, ఈ ముక్క మనం మర్చిపోతాం. అంటే దాచడమే తప్పని కాదు. ఐగుప్తులో యోసేపు ఏడేళ్లు దాచాడు, ఆ ధాన్యమే దేశదేశాల్ని బతికించింది. నేను పెట్టుకున్న కొలత ఇది: దాచేదానికి ఒక పని, ఒక మొత్తం, ఒక తేదీ ఉంటే అది పొదుపు. ఎందుకో తెలీదు, ఎంతవరకో తెలీదు, ఇంకా కావాలి అంతే అనిపిస్తే అది కూడబెట్టడం.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీ ఈ గీత గీసి చూపించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న తొలిరోజుల్లో ఏడాదికి 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చేశాడు. తర్వాతి ఏడాది 60 వచ్చాయి, మళ్లీ 28తోనే బతికి 32 ఇచ్చాడు. 90 వచ్చిన ఏడు 62, 120 వచ్చిన ఏడు 92. రాబడి నాలుగింతలైనా గీత కదల్లేదు. మనం వెస్లీలం కాము సరే, ఆయనకి అప్పటికి పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. కానీ గీత ముందు గీసుకుని రాబడిని దాని పక్కన పెట్టి చూడటం అనే పద్ధతి మాత్రం ఎవరైనా పాటించొచ్చు.

ఎలా గీయాలంటే, గత మూడు నెలల ఖర్చు నిజంగా ఎంతైందో తీయండి, ఊహించి కాదు, స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని. ప్రతి ఖర్చు పక్కనా ఒక గుర్తు పెట్టండి: ఇది లేకపోతే గడవదు, ఇది ఉంటే హాయి, ఇది నలుగురూ చూడాలని. మూడో గుర్తు పడినవాటితో మొదలుపెట్టండి, హాయిని వెంటనే కోసేయకండి. 1 తిమోతి 6:17 ప్రకారం దేవుడు మనం అనుభవించడానికే సమస్తం ధారాళంగా ఇస్తాడు, కాబట్టి ప్రతి సంతోషం మీదా అనుమానం పెంచుకోనక్కర్లేదు. పీనాసితనం భక్తి కాదు, కొన్నిసార్లు ధనాపేక్షే ఆ వేషంలో వస్తుంది. మొదటి రెండూ కలిపి వచ్చిన మొత్తానికి ఒక చిన్న అత్యవసర నిధి కలిపి, కాగితం మీద రాసి, కింద తేదీ వేయండి. అదే మీ గీత. పిల్లలు పుట్టినా, జబ్బు చేసినా, అద్దె పెరిగినా అది మారొచ్చు, పక్కింటివాళ్లు మారినందుకు మాత్రం మారకూడదు.

మూడో అడుగు: ఇచ్చేముందు చెల్లించండి

దీని గురించి ప్రసంగాల్లో పెద్దగా వినం. ఒకరికి బాకీ ఉన్న డబ్బు కానుక పెట్టెలో వేస్తే అది దాతృత్వం కాదు. యాకోబు 5:4 చూడండి, పనివాళ్లకి ఇవ్వకుండా బిగపట్టిన కూలే మొర పెడుతుందట, ఆ మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడిందట. మీ దగ్గర ఎవరైనా పని చేస్తుంటే వాళ్ల జీతం తేదీ తప్పకుండా ఇవ్వడం మొదటి కానుక. సామెతలు 3:28 ఇంకా సూటిగా ఉంటుంది, చేతిలో ఉంచుకుని రేపు రమ్మనవద్దు అని.

మార్కు 7లో యేసు పరిసయ్యులని నిలదీసింది కూడా ఈ విషయంలోనే. తల్లిదండ్రులకి పెట్టాల్సింది కొర్బాను, అంటే దేవుడికి అర్పితం అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లు. అమ్మ మందులకి డబ్బు పంపకుండా ఆరాధన మందిరానికి మైకు సెట్టు కొనిచ్చేవాళ్లు ఈ అధ్యాయం చదవాలి. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడు అని 1 తిమోతి 5:8 అనేసింది, మెత్తగా చెప్పలేదు.

అన్యాయంగా వచ్చింది ఏదైనా ఉంటే అది తిరిగి ఇవ్వాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసుని కలిశాక సగం ఆస్తి పేదలకన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు వేరే చెప్పాడు, రెండూ కలిపేయలేదు. అప్పుల్లో ఉన్నవాళ్లు ముందు వడ్డీ ఎక్కువున్నవి తీర్చే ప్లాన్ వేసుకోండి, ఆ కాలంలో ఇచ్చేది కొంచెమే అయినా ఫర్వాలేదు. పూర్తిగా మాత్రం ఆపొద్దు, ఎందుకంటే అలవాటు తెగిపోతే మళ్లీ కట్టుకోవడం కష్టం.

నాలుగో అడుగు: మిగిలాక కాదు, ముందే తీసి పక్కన పెట్టండి

యెరూషలేము పరిశుద్ధుల కోసం, అంటే అక్కడి విశ్వాసుల కోసం, చందా పోగుచేస్తూ పౌలు కొరింథీయులకి ఇచ్చిన పద్ధతి 1 కొరింథీ 16:2లో ఉంది. ప్రతి ఆదివారం, ప్రతివాడూ, తాను వర్ధిల్లిన కొలదీ, తన దగ్గర కొంత నిలవ చేయాలి. తను వచ్చినప్పుడు హడావుడిగా పోగుచేయకూడదట. చూశారా, ఆవేశానికి చోటే ఇవ్వలేదు. పాట పాడించి, లైట్లు తగ్గించి, కళ్లలో నీళ్లు తెప్పించి చందా తీసుకోవడం ఆయన పద్ధతి కాదు.

ఈ కాలంలో అయితే దీనికి వేరే ఖాతా ఒకటి తెరవడం సులువైన మార్గం. డబ్బు చేతికొచ్చిన రోజే అనుకున్న వంతు అందులోకి పోవాలి. అక్కడికి చేరింది ఇక మీది కాదు, మీరు దానికి గుమాస్తా. ఆ ఖాతా ఉన్నాక ఎవరైనా అవసరమని వచ్చినప్పుడు మనసులో జరిగే గొడవ సగానికి సగం తగ్గిపోయింది నాకు, ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న పోయి ఎవరికి ఎంత అన్నదే మిగిలింది.

ఎంత? ఇక్కడ వాదాలు చాలా ఉన్నాయి. ధర్మశాస్త్రంలో దశమభాగం ఉంది, ద్వితీయోపదేశకాండము 14 ప్రకారం మూడేళ్లకొకసారి అది ఆలయ సేవ చేసే లేవీయులకీ పరదేశులకీ తండ్రిలేనివారికీ విధవరాండ్రకీ పోవాలి. యేసు మత్తయి 23:23లో పుదీనా, జీలకర్రల్లో కూడా పదోవంతు లెక్కపెట్టేవాళ్లని చూసి, అది మానకుండానే న్యాయం, కనికరం, విశ్వాసం చూడాలన్నాడు. సంఘాలకి రాసిన పత్రికల్లో, అంటే ఉత్తరాల్లో, మాత్రం అపొస్తలులు పదోవంతు అని గీత గీసి చెప్పిన చోటు లేదు. 2 కొరింథీ 9:7లో ఉన్నది సణుక్కోకుండా, బలవంతం లేకుండా, మనసులో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వమని. నా అభిప్రాయం అడిగితే పదోవంతు మంచి మెట్టు, పైకప్పు కాదు. చాలామందికి అది తక్కువ, కొందరికి ప్రస్తుతానికి మోయలేనంత ఎక్కువ. మోయలేనివాళ్లు నూటికి రెండో మూడో దగ్గర మొదలుపెట్టి ఏడాదికొకటి పెంచండి. రాబడి పెరిగినప్పుడు, ఆ పెరిగినదాంట్లో సగం ఖర్చుకి అలవాటు పడకముందే ఆ ఖాతాకి మళ్లించండి. నేను చేసిన తప్పు సరిగ్గా అక్కడే.

ఇంకొకటి. "ఇంత ఇస్తే ఇంతకి పదింతలు వస్తుంది" అని చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్త. ఆశతో ఇచ్చేది కానుక కాదు, పెట్టుబడి. దైవభక్తిని లాభసాధనం అనుకునేవాళ్ల గురించి 1 తిమోతి 6:5లో పౌలు ఏమన్నాడో చూసి, తర్వాతి వచనంలోనే సంతుష్టితో కూడిన దైవభక్తి గొప్ప లాభసాధనం అని ఆ మాటనే ఎలా తిప్పికొట్టాడో కూడా చూడండి. పదోవంతు మందిరపు నిధిలోకి తెమ్మనే మలాకీ 3:10 చూపించి భయపెట్టేవాళ్లని, ఆ మందిరపు నిధి దేనికి వాడేవాళ్లో ఒకసారి అడగండి.

ఐదో అడుగు: ఎవరికి, ఎలా

మీరు వాక్యం వినే సంఘం, మీకు తెలిసిన బీదవాళ్లు, దూరంగా జరుగుతున్న సువార్త, వైద్య, విద్యా పనులు. గలతీ 6:10 అందరికీ మేలు చేయమని, విశ్వాస గృహానికి చేరినవాళ్లకి మరీ విశేషంగా చేయమని చెప్తుంది. ఎక్కువచోట్లకి చిల్లరగా పంచడం కంటే రెండు మూడు చోట్లకి ఏళ్ల తరబడి ఇవ్వడం మంచిదని నా అనుభవం.

లెక్క అడగడానికి మొహమాటపడకండి. అంతటి పౌలే చందా ఒక్కడే మోయలేదు, తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుల్ని వెంట పెట్టుకున్నాడు, తమ మీద ఎవరూ తప్పు మోపకూడదని, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని. 2 కొరింథీ 8:20, 21 అది. లెక్క అడిగితే విశ్వాసం లేదంటావా అనే చోట నా డబ్బు ఆపేశాను, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, గొడవా పెట్టుకోలేదు.

ఖాతాలో కొంత భాగం ఎవరి పేరూ రాయకుండా ఉంచండి. లేవీయకాండము 19లో పొలం అంచుల దాకా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అది బీదలకీ పరదేశులకీ అని ఉంది. పరదేశి, విధవరాలు అయిన రూతు ఏరుకున్నది ఆ పరిగెనే. ఆ పొలం యజమాని బోయజు చేసిన పని మరీ బాగుంటుంది, ఆమె కోసం పిడికెళ్లు కావాలనే పడేయమని పనివాళ్లతో చెప్పాడు, ఆమెని గద్దించవద్దన్నాడు. ఆమె తన చేతులతో ఏరుకుని, తల వంచకుండా ఇంటికి వెళ్లింది. ఇచ్చేటప్పుడు అవతలివాళ్ల మొహం చూడండి, ఫోటో తీయకండి. మత్తయి 6:3లో కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదంటే, గ్రూప్‌లో పోస్ట్ చేయడం సంగతి ఇక చెప్పాలా.

ఆరో అడుగు: తృప్తిని రోజూ సాధన చేయండి

"నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొనియున్నాను" అని ఫిలిప్పీ 4:11లో రాసిన మనిషి బంధకాల్లో ఉన్నాడు. నేర్చుకొనియున్నాను అన్నాడు, పుట్టుకతో వచ్చిందనలేదు. ఆయన వాడిన గ్రీకు మాట ఆనాటి స్తోయికులు అనే తత్వవేత్తలు మెచ్చుకునే మాటే, ఎవరి మీదా ఆధారపడకుండా తనలో తాను నిండుగా ఉండటం. పౌలు దాన్ని తీసుకుని రెండు వచనాల తర్వాత "నన్ను బలపరచువానియందే" అని ఆధారాన్ని బయట పెట్టేశాడు. ఆ వచనాన్ని పోటీల్లో గెలవడానికి వాడుతుంటారు గానీ, అది ఉన్నది ఆకలిగొనడమూ కడుపు నిండటమూ రెండూ నేర్చుకున్నాను అనే మాట పక్కన. హెబ్రీ 13:5 కూడా కలిగినవాటితో తృప్తిపడమని ఊరికే అనలేదు, "నిన్ను ఏమాత్రమును విడువను" అన్న మాట దాని కింద పునాదిగా పెట్టింది.

సాధన అంటే చిన్న చిన్నవే. కొనాలనిపించిన పెద్ద వస్తువు పేరు రాసి 30 రోజులు ఆగండి, సగం పేర్లు మీరే కొట్టేస్తారు. రాత్రి పడుకునేముందు ఆ రోజు వాడుకున్నవాటిలో మూడింటి పేర్లు చెప్పి థ్యాంక్స్ చెప్పండి, "అన్నిటికీ స్తోత్రం" అని గంపగుత్తగా కాదు. ఎవరిని చూస్తే మీకు కుళ్లు పుడుతుందో వాళ్ల కోసం పేరు పెట్టి ప్రార్థించండి, నాకు మొదటి వారం నోరు రాలేదు. వారంలో ఒక రోజు సంపాదన మాట, కొనుగోలు మాట ఎత్తకండి.

ఏడో అడుగు: ఇంట్లోవాళ్లతో కలిసి

భార్యాభర్తల్లో ఒకరికి ఇచ్చే చేయి ఎక్కువ, ఒకరికి భయం ఎక్కువ ఉంటుంది సాధారణంగా. చాటుగా ఇవ్వడం పరిష్కారం కాదు. ఇద్దరిలో తక్కువ చెప్పినవాళ్లు ఒప్పుకునే మొత్తంతోనే మొదలుపెట్టండి. అపొస్తలుల కార్యములు 5లో అననీయ సప్పీరాలు అనే భార్యాభర్తలు కలిసే నిర్ణయం తీసుకున్నారు, అయితే అబద్ధానికి: పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు చూపించారు. పొలం నీదే కదా, అమ్మాక కూడా నీ వశంలోనే ఉంది కదా అని పేతురు అడిగాడంటే, అట్టిపెట్టుకోవడం నేరం కాదు, అంతా ఇచ్చామని నటించడం నేరం. కాబట్టి ఇంట్లో ఎంత ఇస్తున్నారో అంతే చెప్పుకోండి. పిల్లలకి ఉపన్యాసం అక్కర్లేదు, ఎవరికి ఇవ్వాలో ఒకసారి వాళ్లని ఎంచనివ్వండి.

రాబడి తగ్గినప్పుడు, తడబడినప్పుడు

ఉద్యోగం పోతే వంతు అలాగే ఉంచండి, మొత్తం దానంతటదే తగ్గుతుంది. అసలేమీ రాకపోతే అప్పు చేసి ఇవ్వకండి, "కలిమి కొలదియే యిచ్చినది ప్రీతికరమవును" అని 2 కొరింథీ 8:12లో రాసి ఉంది. రెండు కాసులు వేసిన విధవరాలిని చూపించి ఉన్నదంతా వేయమని ఎవరైనా అడిగితే, మార్కు 12లో ఆ కథకి సరిగ్గా ముందు విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి యేసు ఏమన్నాడో కలిపి చదవమనండి. ఆమె తనంత తాను వేసింది, ఎవరూ అడగలేదు.

కొన్ని నెలలు తప్పిపోతే పాత బాకీ లెక్క వేసుకుని కుంగిపోవద్దు, ఈ నెల నుంచి మళ్లీ తీయండి. ఏడాదికొకసారి ఆ గీత గీసిన కాగితం బయటికి తీసి ఇంట్లోవాళ్లతో కూర్చోండి. మా కాగితం మీద ఇప్పటికి నాలుగు తేదీలు ఉన్నాయి. రెండో ఏడు గీత పెంచాం, కారణం పక్కన రాశాం, మూడో ఏడు ఆ కారణం చదివి ఇద్దరం నవ్వుకుని మళ్లీ కిందికి దించాం.